జమ్ముకుంట బుడగల లెక్క

“ఈ కుంటలో నీళ్లున్నంత కాలమే నేను రాజును. దీన్ని ముట్టుకోవాలనుకున్నవాడు ముందు నన్ను దాటి రావాలి.”

అనగనగా ఒక అడవిలో, పట్టాభిషేకం రోజున, జమ్ముకుంట గట్టు మీద నిలబడి ఒక ఎలుగుబంటి అన్న మాటలివి. ఆ ఎలుగుబంటి పేరు మధుప్రియుడు. మాట బాగుంది. గొంతు కూడా బాగుంది. మాటిచ్చేటప్పుడు కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. ఎడమచేతిలో తేనెపట్టు ఉండడం వల్ల ఆ చెయ్యి ఖాళీ లేదు. జంతువులన్నీ మురిసిపోయాయి. గిట్టలున్నవి నేలను తన్నాయి, రెక్కలున్నవి రెక్కలు కొట్టాయి. పిల్లలూ, మాటిచ్చినవాణ్ణి నమ్మడం తప్పు కాదు. నమ్మేసి, ఇంటికెళ్లి పడుకోవడం తప్పు. ఆ రోజు అందరూ హాయిగా ఇంటికెళ్లి పడుకున్నారు.

జమ్ముకుంట అడవికి దిగువన ఉండేది. చుట్టూ జమ్ము, తుంగ ఏపుగా పెరిగి ఉండేవి. వానాకాలంలో కొండ మీంచి ఉరుకుతూ వచ్చిన నీళ్లు ఆ జమ్ములో దూరి నెమ్మదించేవి. మోసుకొచ్చిన మట్టిని అక్కడే దించేసి, తేటపడి, మెల్లగా వాగులోకి వెళ్లేవి. ఎండాకాలంలో కుంట మీంచి వచ్చే గాలి చల్లగా ఉండేది. రాలిన ఆకును, చచ్చిన గడ్డిని కుంట తన అడుగున నల్లమట్టిలో దాచుకునేది. ఇన్ని పనులు చేస్తున్నా కుంటను ఎవరూ మెచ్చుకోలేదు. అది ఏనాడూ సభ పెట్టి ఉపన్యాసం ఇవ్వలేదు కదా.

కొన్నేళ్లకు మధుప్రియుడికి ఒక కోరిక పుట్టింది. పక్క అడవుల రాజులు వచ్చినప్పుడు తనను నలువైపుల నుంచీ చూసేందుకు ఒక సభా మైదానం కావాలనుకున్నాడు. ఎటు చూసినా రాళ్లు, పల్లేరు, ముళ్లపొదలు. అడవి మొత్తంలో చదునైన చోటు ఒక్కటే ఉంది. దాని మీద నీళ్లున్నాయి.

మాట తప్పితే చెడ్డపేరు వస్తుంది. పరిశోధన చేయిస్తే మంచిపేరు వస్తుంది. రాజు ఆచార్య స్థూలపాదుణ్ణి పిలిపించాడు.

స్థూలపాదుడు ఒక అడవిదున్న. చాలాకాలం దూరపు అడవిలో చదువుకుని వచ్చాడు. ఆయన ఒక్కో కాలు ఒక్కో రోకలిబండ. నడుస్తుంటే చీమలు కుటుంబాలతో సహా పుట్టలు ఖాళీ చేసేవి. రాజు చెప్పింది విని, ఆయన అక్కడికక్కడే పరిశోధనాంశం తయారు చేశాడు: కుంట వదిలే ఊపిరి వల్ల అడవి గాలి ఎంత చెడిపోతోంది? గమనించారా పిల్లలూ, చెడిపోతోందా అని కాదు. ఎంత అని.

కుంట ఊపిరి వదలదని నేననను. వదులుతుంది. అడుగున గాలి తగలని బురదలో ఆకూ అలమూ కుళ్లితే ఒక వాయువు పుడుతుంది. అది బుడగలై పైకి వస్తుంది. గాలికి అది మంచిది కాదు. అయితే అదే కుంట అంతకు ఎన్నో రెట్లు చెత్తను కడుపులో దాచుకుంటుంది. ఎంత వదిలింది, ఎంత దాచింది, రెండూ తూచినవాడికే న్యాయం తెలుస్తుంది. త్రాసుకు రెండు తట్టలుండాలి. ఆచార్యుడు ఒక్క తట్టతో వచ్చాడు.

బుడగలు లెక్కపెట్టడానికి ఒక చురుకైన కన్ను కావాల్సి వచ్చింది. కుంట మీదికి వంగిన తుమ్మకొమ్మపై కూర్చునే లకుముకి పిట్ట ఇంద్రనీలను ఎంచుకున్నారు. నీటి అడుగున చేపపిల్ల తోక కదిలినా పట్టుకునే కన్ను ఆమెది. పైగా ఆమెకు శాస్త్రమంటే ప్రాణం. ఆచార్యుడి నోటి వెంట ఏ వాక్యం జారినా ఏరుకుని దాచుకునేది. ‘కొలవనిది నిజం కాదు.’ ‘కళ్లు పొరబడతాయి, అంకెలు పొరబడవు.’ కుంట గట్టులో తను తొలిచిన బొరియలో నాలుగు పిల్లలుండేవి. చేప నోట్లో పెట్టేముందు ఈ వాక్యాలు వాటిచేత చెప్పించేది. పిల్లలకు అర్థం తెలియదు. చేప మాత్రం తెలుసు. అందుకని గట్టిగా చెప్పేవి.

ఆచార్యుడి పద్ధతి ఆచార్యుడిది. గట్టు మీద నిలబడి చూసేవాడు ప్రేక్షకుడని, విషయంలోకి దిగినవాడే పరిశోధకుడని ఆయన సిద్ధాంతం. అందుకని రోజూ పొద్దున్నే పొట్ట మునిగేదాకా కుంటలోకి దిగేవాడు. దిగగానే ఒకసారి బుస కొట్టేవాడు. అప్పుడు లెక్క మొదలు. తిరిగి గట్టెక్కే ముందు మరోసారి బుస కొట్టేవాడు. అప్పుడు లెక్క ఆఖరు. మధ్యలో అటూ ఇటూ నడుస్తూ, బురద పొర్లుతూ, కళ్లు అరమూసి చాలాసేపు గడిపేవాడు. అడవిదున్నలకు బురదంటే ఇష్టమని కొందరు గొణిగారు. ఆ సంగతికీ పరిశోధనకూ సంబంధం లేదు.

మొదటి రోజు ఆయన కుంట నడిమధ్యకు వెళ్లాడు. చుట్టూ బుడబుడమని బుడగలు లేచాయి. ఇంద్రనీల ఒక్కటి కూడా వదలకుండా లెక్కపెట్టి చెప్పింది. ఆచార్యుడు తల పంకించి, ఘోరం అన్నాడు.

రెండో రోజు జమ్ము మొలిచిన అంచుకు వెళ్లాడు. అక్కడ బురద మెత్తన. కాలు పెట్టడం, తియ్యడం, రెండూ కష్టమే. బుడగలు నిన్నటికంటే ఎక్కువ లేచాయి. అతిఘోరం అన్నాడు.

మూడో రోజు ఆయన రావడం ఆలస్యమైంది. ఇంద్రనీల మాత్రం వేళకు వచ్చి కొమ్మ మీద కూర్చుంది. చేయడానికి పనేమీ లేక కుంటను చూస్తూ ఉండిపోయింది. ఎండ చెట్ల మీదికెక్కింది. నీళ్లు నిమ్మళంగా ఉన్నాయి. ఎక్కడో ఒక బుడగ వచ్చింది. చాలాసేపటికి ఇంకొకటి. అంతే. ఆ తర్వాత ఆచార్యుడు ఆవలిస్తూ వచ్చి కాలు పెట్టాడు. పెట్టిన కాలు చుట్టూ బుడగలు. ఆయన ఎటు వెళ్తే అటు, అడుగుల వెనకే, తల్లి వెంట బాతుపిల్లల్లా వరస కట్టి బుడగలు. ఆయన వెళ్లని వైపు నీళ్లు అద్దంలా ఉన్నాయి.

ఆ రోజు పరిశోధన కుంటలోకి నీళ్లు దిగే పై కాలువ దగ్గర. రాజుగారి విందుల్లో మిగిలిన కుళ్లుపళ్లు, పిండేసిన తేనెపట్లు విసిరేసేది అక్కడే. అక్కడి బుడగలను లెక్కపెట్టలేక ఇంద్రనీల మెడ నొప్పెట్టింది. కంపు కూడా అక్కడే పుడుతోందని ఆమె ముక్కుకు తెలిసింది. ఆచార్యుడి గిట్టకు ఒక పనసతొక్క అతుక్కుంది. దాన్ని గడ్డికి మెల్లగా రాసి తుడిచేసుకున్నాడు. రాజుగారి ఎంగిలి పరిశోధనాంశంలో లేదు. పేరు పెట్టలేనంత ఘోరం అని మాత్రం అన్నాడు.

ఇంద్రనీల ఉండబట్టలేకపోయింది.

“ఆచార్యులవారూ, తమరు రాకముందు కుంట నిమ్మళంగా ఉందండి. బుడగలు తమరి కాళ్ల వెనకే వస్తున్నాయి.”

ఆచార్యుడు కోప్పడలేదు. కోప్పడేవాళ్లతో మనకు సుఖం, ఎక్కడున్నారో తెలుస్తుంది. ఆయన నవ్వాడు.

“అమ్మాయ్, నేను రాకముందు పరిశోధన మొదలైందా?”

“లేదండి.”

“మొదలుకాని పరిశోధనకు ఫలితం ఎక్కడి నుంచి వస్తుంది?”

ఇంద్రనీలకు తను రోజూ వల్లించే వాక్యాల్లో ఒకటి ఎదురు తిరిగి తననే కరిచినట్టయింది. ఆచార్యుడు గట్టెక్కుతూ, ఎంతో ఆప్యాయంగా మరో సంగతి చెప్పాడు. ఆమెను ప్రధాన గణకురాలిగా వేయమని రాజుగారికి ఇప్పటికే మనవి చేశాడట. రేపు ఏం జరిగినా ఆమె బొరియ ఉన్న గట్టుకు ఎవరి గిట్టా తగలకుండా తానే చూసుకుంటాడట. పిల్లలు గలది కాబట్టి నిదానంగా ఆలోచించుకోమన్నాడు.

ఇంద్రనీల బొరియకు వెళ్లి మొగుడికి అంతా చెప్పింది. అతను పిల్లలకు చేప తినిపిస్తున్నాడు. గట్టు ఉంటుందని మాటిచ్చారు కదా, మనకింకేం కావాలన్నాడు.

“మరి నిజం మాటేమిటి?” అంది.

“నిజానికి గూడు అక్కర్లేదు. వీళ్లకు కావాలి,” అన్నాడతను. పిల్లలు ఎర్రటి నోళ్లు తెరిచి, కొలవనిది నిజం కాదు అని అరిచాయి.

కుంట గట్టు మీదే సభ పెట్టారు. ఆచార్యుడు ఫలితం వినిపించాడు. ఈ కుంట ఇలాగే ఊపిరి వదిలితే అడవి పిల్లలకు మంచిగాలి మిగలదన్నాడు. భావితరాల కోసం దీన్ని పూడ్చక తప్పదన్నాడు. భావితరాలు తల్లుల పొట్టల కింద దూరి పాలు తాగుతున్నాయి. వాటినెవరూ అడగలేదు. మధుప్రియుడు కళ్లు తుడుచుకున్నాడు. నా మాట కన్నా మీ ఊపిరి ముఖ్యం అన్నాడు. గొంతు అప్పటిలాగే బాగుంది.

అప్పుడు గంగులు లేచాడు. గంగులు కుంటలో పుట్టి పెరిగిన నీటికుక్క. అతని దగ్గర నినాదాలకు కొదవలేదు. కుంట మన హక్కు అన్నాడు. నీటిని పూడ్చేవాడు రేపు నోటిని పూడుస్తాడన్నాడు. ప్రశ్నించడమే ప్రాణమన్నాడు. అన్నీ మంచి మాటలే. జంతువులు తలలూపాయి. అక్కడ ఆగినా బాగుండేది. ఆవేశంలో, ఈ కుంట పుట్టినప్పటి నుంచి ఒక్క బుడగ కూడా వదల్లేదని ప్రమాణం చేశాడు. అదే క్షణంలో అతని వెనక నీళ్లలో ఒక బుడగ చిట్లింది. సభంతా నవ్వింది. నిజం మనవైపే ఉన్నప్పుడు కూడా కాస్త అబద్ధం కలిపితే ఎలా ఉంటుందో చూశారా పిల్లలూ? నీళ్లు కలిపిన పాలలాగే ఉంటుంది. అసలు పాలను కూడా ఎవరూ కొనరు.

గంగులు తల దించుకున్నాడు. తర్వాత మెల్లగా తలెత్తి తుమ్మకొమ్మ వైపు చూశాడు. నినాదాలన్నీ అయిపోయాక, అతనికి అసలు ప్రశ్న దొరికింది.

“చెల్లీ, నువ్వు పైనుంచి చూశావు. ఆయన నీళ్లలో లేనప్పుడు కూడా అన్ని బుడగలు వచ్చాయా?”

అన్ని కళ్లూ ఇంద్రనీల వైపు తిరిగాయి. రాలేదు అంటే చాలు. చేపపిల్లంత మాట. ఆమె గట్టు వైపు చూసింది. బొరియ లోంచి నాలుగు చిన్న ముక్కులు బయటికి కనిపించాయి. ఆచార్యుడి వైపు చూసింది. ఆయన ఎంతో దయగా రెప్పలార్పాడు.

“నన్ను పెట్టుకుంది ఆయన నీళ్లలో ఉన్నప్పుడు లెక్కపెట్టడానికి, అన్నా,” అంది ఇంద్రనీల. “మిగతా వేళ చూడమని ఎవరూ చెప్పలేదు.”

ఇందులో అబద్ధమేమైనా ఉందా? వెతకండి. లేదు. నిజాన్ని పూడ్చడానికి అబద్ధమే కావాలని లేదు. అడిగిన ప్రశ్నకు కాస్త పక్కగా జరిగి కూర్చున్న జవాబు చాలు. గంగులు ఆ సాయంత్రమే పెళ్లాం పిల్లలతో కొండ దాటి నది వైపు వెళ్లిపోయాడు.

మర్నాడు అడవిపందులు దిగాయి. కట్టకు గండి కొట్టి నీళ్లు వదిలేశాయి. అడుగున ఉన్న నల్లమట్టిని పెళ్లగించి పక్కన గుట్టలు పోశాయి. కొండవాలు తవ్వి ఎర్రమట్టి తెచ్చి నింపాయి. నడవగల తాబేళ్లు నడిచి వెళ్లాయి. కొంగలు గిలగిల్లాడే చేపలను కడుపారా తిని, కుంట లేని చోట కొంగలకేం పనని ఎగిరిపోయాయి. ఆచార్యుడు మాత్రం ఇంద్రనీల గట్టుకు అడ్డంగా నిలబడి, ఒక్క పందిని కూడా దరికి రానివ్వలేదు. మాటంటే మాట. గట్టు చెక్కు చెదరలేదు. ఇల్లు కూలిపోయాక మిగిలిన ఒంటి గోడలా, అటూ ఇటూ ఎండిన నేల మధ్య నిటారుగా నిలబడింది.

ఎండలు ముదిరాయి. చేప కావాలంటే ఇంద్రనీల, ఆమె మొగుడు కొండ దాటి నది దాకా ఎగరాల్సి వచ్చింది. వెళ్లి రావడానికి పూట గడిచిపోయేది. తెచ్చిన ఒక్క చేప నాలుగు నోళ్లకు. పిల్లలు వాక్యాలు చెప్పడం మానేశాయి. ఒక మధ్యాహ్నం ఆమె చేపతో వచ్చేసరికి మూడు నోళ్లే తెరుచుకున్నాయి. చిన్నదాని ముక్కుకు చేపను ఆనించి చూసింది. మళ్లీ ఆనించింది. చీమలు అప్పటికే వచ్చేశాయి.

ఆమె నేరుగా ఆచార్యుడి దగ్గరికి వెళ్లింది. జరిగింది చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“గట్టు ఉంది కదా?” అన్నాడు.

“ఉందండి.”

“మరి?”

ఇంద్రనీల తిరిగి వచ్చేసింది.

ఇక నల్లమట్టి గుట్టల సంగతి వినండి. తరతరాల ఆకూ అలమూ ఆ మట్టిలో దాగుంది. నీళ్ల కింద ఉన్నంత కాలం కుదురుగా ఉంది. ఎండకు ఆరి, నెర్రెలిచ్చి, దాచుకున్నదాన్ని గాలిలోకి వదలడం మొదలుపెట్టింది. అంతకుముందు కంపు పై కాలువ దగ్గరే ఉండేది. ఇప్పుడు అడవంతా పాకింది. రాజుగారి ఎంగిలి మాత్రం ఎప్పటిలాగే అక్కడే పడుతోంది. దీన్ని ఎవరూ కొలవలేదు. కొలవమని ఎవరినీ వేయలేదు. ఆచార్యుడు మైదానం చుట్టూ ఒకసారి తిరిగి చూసి ప్రకటించాడు: బుడగలు సున్నా, పరిశోధన విజయవంతం.

మైదానం ప్రారంభోత్సవానికి అందరినీ పిలిచారు. రాజు మాట్లాడాక, ఆచార్యుడికి పూలదండ వేశాక, ఇంద్రనీల ముందుకు వచ్చింది. బుడగలన్నీ కుంటవి కావని, చాలావరకు ఆచార్యుడి కాళ్లవని చెప్పింది. తను చూసిందని, అడిగినప్పుడు చెప్పలేదని కూడా చెప్పింది.

ఆచార్యుడు దండ సర్దుకున్నాడు.

“చాలా మంచి పరిశీలన, అమ్మాయ్. కానీ శాస్త్రమంటే మళ్లీ చేసి చూపించాలి. ఆ కుంటను ఒకసారి తీసుకురా, చూద్దాం.”

ముందు వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. వెనక వరుసల్లో ఎవరూ నవ్వలేదు. అక్కడ దాహంతో ఉన్నవాళ్లు కూర్చున్నారు.

సభ ముగిసేలోగా గాలివాన వచ్చింది. కొండ మీంచి నీళ్లు అలవాటు ప్రకారం తమ చోటికి దిగి వచ్చాయి. నెమ్మదించడానికి జమ్ము లేదు, నిలబడడానికి కుంట లేదు. ఎర్రమట్టిని కోసుకుంటూ, మైదానం మీద సుడులు తిరిగి, రాజుగారి రాతిపీటను బురదతో అలికి, దిగువన ఉన్న కుందేళ్ల బొరియల్లోకి దూకాయి. తల్లులు నోటికి అందిన పిల్లను పట్టుకుని పరిగెత్తాయి. నోటికి ఒక్క పిల్లే పడుతుంది. వాన వెలిసింది. నీళ్లన్నీ నదికి పారిపోయాయి. అడవిలో గొంతు తడుపుకోవడానికి గుక్కెడు నీళ్లు మిగల్లేదు.

మధుప్రియుడు వెంటనే స్పందించాడు. పరిశోధనకు ఆదేశించాడు. అంశం: నీళ్లు ఎందుకు దారి తప్పుతున్నాయి? పరిశోధకుడు: ఆచార్య స్థూలపాదుడు. ప్రధాన గణకురాలు: ఇంద్రనీల. ఆమె వచ్చి తుమ్మకొమ్మ ఎక్కి కూర్చుంటే పని మొదలుపెడతామని కబురు పంపాడు.

ఇంద్రనీల వచ్చింది. కొమ్మ ఎక్కలేదు. మైదానంలో బురద మీద, తడిసిన కుందేళ్ల మధ్య వాలింది.

“నాకు పదవి వద్దు ప్రభూ, జవాబు కావాలి. తొలకరి వస్తోంది. ఆ నీళ్లు ఎక్కడ నిలబడాలి? ఈ మట్టి తీసి కుంట తవ్విస్తారా, తవ్వించరా?”

పరిశీలిస్తాం అన్నాడు రాజు.

“ఎప్పటిలోగా?”

ఆ అడవిలో ఈ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు. రాజు వీపు గోక్కున్నాడు. శాస్త్రానికి తొందర పనికిరాదని ఆచార్యుడు గుర్తు చేశాడు. పిల్లలను పోగొట్టుకున్న ఒక తల్లి కుందేలు లేచి, వాన మీ శాస్త్రం కోసం ఆగదండీ అంది. గొంతు పెంచలేదు. అయినా చివరి వరుస దాకా వినిపించింది.

అప్పుడు ఇంద్రనీల గడువు చెప్పింది. జంతువులన్నీ దాన్ని తిరిగి పలికాయి. ఈసారి ఎవరూ ఇంటికెళ్లి పడుకోలేదు. దాహంతోనే ఆ మైదానంలో కూర్చున్నారు. ఇంకా కూర్చునే ఉన్నారు. రాజుగారు ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు.

నీతి: బురద కలిపినవాడి చేతికే కొలత ఇస్తే నేరం ఎప్పుడూ నీటిదే అవుతుంది; కళ్లారా చూసినవాళ్లు అడిగిన రోజున నోరు విప్పకపోతే, విప్పే రోజుకు చూపించడానికి నీళ్లే ఉండవు. మహారాజా, మీ జవాబుకు గడువు మృగశిర కార్తె మొదటి రోజు, జూన్ ఎనిమిది.